విశాఖలో ఎడారి తోట: తరచుగా అడిగే ప్రశ్నలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా డాబా మీద మిగిలినవి పగిలిన కుండీలు, రెండు కలబంద దుబ్బులు, గోడకి ఒరిగిపోయిన ఒక అడీనియం. గులాబీలు, మందారాలు, క్రోటన్లు అన్నీ పోయాయి. కరెంటు లేదు, మోటారు లేదు, చాలా రోజులు చెంబెడు నీళ్ళు కూడా వాటికి పోయలేకపోయాం. అయినా ఆ మూడూ బతికాయి. ఎడారి మొక్కల మీద నాకు గురి కుదిరింది అప్పుడే. తోట చూడ్డానికి వచ్చేవాళ్ళు, మొక్క పాడైందని ఫోన్ చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి అవే ప్రశ్నలు అడుగుతున్నారు. నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను.

విశాఖ ఎడారి కాదు కదా, ఇక్కడ ఎడారి మొక్కలు ఎందుకు?

కాదు, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. జైసల్మేర్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 200 మిల్లీమీటర్ల లోపు. మనకి 1000 దాటుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం గట్టిగా పడితే జైసల్మేర్ ఏడాది వాన మనకి ఒకటి రెండు రోజుల్లో కురిసిపోతుంది. పైన ఉక్క ఉండనే ఉంది.

కానీ మన డాబాల సంగతి చూడండి. సంక్రాంతి దాటాక తొలకరి దాకా చెప్పుకోదగ్గ వాన ఉండదు. రోహిణి కార్తెలో శ్లాబు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. కొండవాలు కాలనీల్లో జానెడు మట్టి తవ్వితే రాయి తగులుతుంది. బీచ్ వైపు ఇళ్ళలో బోరు నీరు ఉప్పన. వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్టుమెంట్లు ఎన్నో. ఇలాంటి చోట రోజూ నీళ్ళు అడిగే మొక్కల్ని పెంచి, సెలవులకి ఊరెళ్ళి వచ్చి, ఎండిపోయిన కొమ్మలు చూసి బాధపడేకన్నా, కాండంలోనో ఆకులోనో నీళ్ళు దాచుకునే మొక్కని పెట్టుకోవడం నయం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎడారి మొక్కకి విశాఖలో ప్రాణగండం ముసురుతో. ఎండని అది ఎలాగోలా ఓర్చుకుంటుంది. వేరు చుట్టూ వారం రోజులు తడి ఆరకపోతే ఓర్చుకోలేదు. కింద రాసిన జవాబులన్నీ చుట్టూ తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

మొదటిసారి పెంచేవాళ్ళు ఏ మొక్కలతో మొదలుపెట్టాలి?

మన గాలికి ముందే అలవాటుపడ్డ వాటితో. కలబంద, రణపాల, చాగనార, కిత్తనార, నల్లేరు, కాగితం పూలు. వీటిలో సగం మీ వీధిలోనే దొరుకుతాయి, డబ్బు పెట్టక్కర్లేదు. నల్లేరు ముక్క ఒకటి తెచ్చి గుచ్చితే చాలు, నెల తిరక్కుండా పాకుతుంది. లేత కణుపులతో పచ్చడి కూడా చేసుకోవచ్చు, దురద పోయేలా బాగా వేయించాలి. నల్లేరు మీద బండి నడక అని మనం అనే మాటలోని నల్లేరు ఇదే, దట్టంగా, సులువుగా అల్లుకుంటుంది.

ఆ తర్వాత అడీనియం. సహారాకి దక్షిణపు అంచు నుంచి తూర్పు ఆఫ్రికా, అరేబియా దాకా దాని పుట్టిల్లు. అందుకే ఎడారి గులాబీ అంటారు గాని గులాబీకీ దానికీ చుట్టరికం లేదు, అది గన్నేరు కుటుంబం. ఉబ్బిన మొదలు, దాని మీద పొట్టి కొమ్మలు, కొమ్మ చివర గుత్తులుగా పూలు. విశాఖ డాబాకి ఇంతకన్నా తగిన పూలమొక్క నాకు కనబడలేదు.

ముళ్ళ జాతిలో నాగజెముడు రకాలు, పొడవుగా స్తంభంలా పెరిగేవి, పసుపు ముళ్ళతో బంతిలా ఉండే గోల్డెన్ బ్యారెల్. ఈ చివరిది మెక్సికో మొక్క, నెమ్మదిగా పెరుగుతుంది, వాన తగలని చోట పెడితే ఇక్కడ బాగానే ఉంటుంది.

కొనవద్దని నేను గట్టిగా చెప్పేవి రెండు. రాళ్ళలా కనిపించే లితాప్స్, గులాబీ రేకుల్లా ఆకులు పేర్చుకునే ఎచివేరియా. ఫొటోల్లో ముద్దొస్తాయి. లితాప్స్ దక్షిణాఫ్రికా పొడినేలల మొక్క. ఎచివేరియాల్లో చాలావరకు మెక్సికో కొండల మీదివి, వాటికి రాత్రి చల్లబడాలి. జులైలో రాత్రి పదింటికి కూడా చొక్కా ఒంటికి అంటుకునే మన ఊళ్ళో అవి కుళ్ళిపోతాయి. అరకులో చుట్టాలుంటే అక్కడ పెంచమనండి, అక్కడ బతికే అవకాశం ఎక్కువ.

ఉక్క ఉంటే మొక్కకి నష్టం ఏమిటి? నీళ్ళు గాలిలోనే ఉన్నాయిగా?

మామూలు మొక్క ఆకు రంధ్రాలు పగలు తెరుచుకుంటాయి. కాక్టస్, కిత్తనార, కలబంద లాంటివి పగలు మూసేసుకుని రాత్రిపూట తెరుస్తాయి. బొగ్గుపులుసు వాయువుని రాత్రి పీల్చి ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటాయి. ఎడారిలో పగటి ఎండకి నీళ్ళు పోకుండా అవి కనిపెట్టుకున్న ఉపాయం అది. మన దగ్గర గాలిలో తేమ వల్ల కుండీ మట్టి ఆరడానికి రెట్టింపు రోజులు పడుతుంది. మొక్క తక్కువ తాగుతుంది, మట్టి తడిగానే ఉంటుంది, ఆ తడిలో బూజు పెరుగుతుంది. కుళ్ళు అలా మొదలవుతుంది.

పెరట్లో కొంచెం నేల ఉంది. ఏ చెట్టు వేయమంటారు?

జమ్మి. ఎవరడిగినా నా మొదటి జవాబు ఇదే.

దసరాకి జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్ళకి దణ్ణం పెడతాం గాని, అది థార్ ఎడారిని నిలబెట్టే చెట్టు అని మనలో చాలామందికి తెలియదు. రాజస్థాన్‌లో ఖేజ్రీ అంటారు, అక్కడ అది రాష్ట్ర వృక్షం, తెలంగాణకీ అదే. ఎమిరేట్స్‌లో ఘాఫ్ అనే పేరుతో జాతీయ వృక్షం. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో ఈ చెట్లని నరకనివ్వకుండా వాటిని కౌగిలించుకుని 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు, ముందు నిలబడిన ఆవిడ అమృతాదేవి. అలాంటి చెట్టు మన పెరట్లో పెరుగుతుంది. వేరు చాలా లోతుకి పోతుంది కాబట్టి కుండీలో ఎక్కువ కాలం ఉంచకండి. మోకాలెత్తు మొక్కని తొలకరి పడ్డాక నాటండి. గోడకి కనీసం పదడుగుల దూరం, నీళ్ళు నిలవని మెరక. మొదటి రెండు వేసవులు వారానికి ఒకసారి బకెట్టెడు నీళ్ళు. తర్వాత దాన్ని వదిలేయవచ్చు. మొదటి మూడేళ్ళు ఎదుగుదల కంటికి ఆనదు, అది కింద వేరు పెంచుకుంటున్న కాలం. ఓపిక పట్టాలి.

జమ్మి వద్దనుకుంటే వేప, రేగు, దేవగన్నేరు. దేవగన్నేరు చలికాలంలో ఆకు మొత్తం రాల్చేసి మోడులా నిలబడితే చచ్చిపోయిందని పీకేసినవాళ్ళని చూశాను. చచ్చిపోలేదు, నిద్రపోతోంది. గోటితో బెరడు గీరండి, పచ్చగా ఉండి పాలు కారితే బతికున్నట్టే.

సర్కారు తుమ్మ మాత్రం వేయవద్దు. ఎండని తట్టుకోవడంలో దానికి సాటి లేదు, నిజమే. అమెరికా ఖండాల నుంచి వచ్చి మన చెరువు గట్లన్నీ ఆక్రమించింది. దాని చుట్టూ ఇంకో మొక్కని ఎదగనివ్వదు.

ఖర్జూరం చెట్టు పెడితే పండ్లు కాస్తుందా?

చెట్టు పెరుగుతుంది, అందంగా ఉంటుంది. పండు మాత్రం ఆశించకండి. ఖర్జూరంలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. మగ పూల పుప్పొడి తెచ్చి ఆడ గెలలకి చేత్తో దులపాలి. అంత చేసినా కాయ పండే రోజులకి మనకి వానలు మొదలవుతాయి. తడి తగిలిన ఖర్జూరం పగిలి పులిసిపోతుంది. పాదాలు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బులు ఈ చెట్టు గురించి చెప్పేది అందుకే. గుజరాత్ కచ్ రైతులు కూడా వాన భయానికి కాయ పసుపో ఎరుపో తిరిగి ఇంకా కరకరలాడుతుండగానే కోసి అమ్ముతారు. మీకు ఆ రూపం కావాలంటే మన ఈత చెట్టు వేయండి, దగ్గరి చుట్టమే, మన వానకి పుట్టిన చెట్టు.

బ్రహ్మజెముడు, నాగజెముడు, కాక్టస్ అన్నీ ఒకటేనా?

ఊరూరికీ పేర్లు మారిపోతాయి కాబట్టి పేరుతో తేల్చలేం. చూసి తేల్చవచ్చు. నిజమైన కాక్టస్‌కి ముళ్ళు ఒక చిన్న నూగు మెత్త మీదినుంచి గుత్తిగా పుడతాయి, గీరితే నీటి చెమ్మో జిగురో వస్తుంది. జెముడు జాతి యుఫోర్బియాలకి ముళ్ళు సాధారణంగా జంటగా ఉంటాయి, గీరగానే తెల్లటి పాలు కారతాయి. నాగజెముడు నిజమైన కాక్టస్, అమెరికా నుంచి వచ్చింది. మన కొండవాలుల్లో కనిపించే, కొమ్మలు పలకలుగా ఉండే పాలజెముడు ఈ నేలదే, కాక్టస్ కాదు.

ఈ తేడా చేతులకి ముఖ్యం. పాలు కంట్లో పడితే మంట భయంకరంగా ఉంటుంది. జెముడు కొమ్మ కోసేటప్పుడు కళ్ళద్దాలు, చేతొడుగులు తప్పనిసరి. పొరపాటున కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా మంచినీళ్ళతో కడిగి, నేరుగా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంకో సంగతి. డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టసే. కాకపోతే చెట్లెక్కి పెరిగే అడవి కాక్టస్, కాబట్టి మన తేమ దానికి నప్పుతుంది.

మట్టి ఎలా కలుపుకోవాలి?

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, సగం మొక్కల చావు మట్టిలోనే రాసి ఉంటుంది.

మన ఎర్రమట్టి పొడిగా ఉన్నప్పుడు వదులుగా కనిపిస్తుంది. రెండు వానలు పడి ఎండ కాస్తే కుండీలో ఇటుకలా గట్టిపడి, అంచుల దగ్గర పగులుతుంది. పోసిన నీళ్ళు ఆ పగుళ్ళలోంచి జారిపోతాయి, మధ్యలో వేరు దగ్గర ముద్దలా తడి ఉండిపోతుంది. నేను వాడే పాళ్ళు ఇవి: రెండు పాళ్ళు గరుకైన ఏటి ఇసుక లేదా కందిగింజంత క్రషర్ చిప్స్ (కంకర నలుసు), ఒక పాలు కొట్టిన ఇటుక ముక్కలు, అర పాలు కట్టెబొగ్గు నలుసు, ఒక పాలు జల్లించిన ఎర్రమట్టి, అర పాలు బాగా చివికిన పశువుల ఎరువు. ఇటుకనీ చిప్స్‌నీ జల్లెడ పట్టి పొడి అంతా తీసేయాలి. ఆ పొడే కింద పేరుకుని రంధ్రం మూసేస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎంత తక్కువైతే అంత మంచిది, వానాకాలంలో అది పిండని గుడ్డలా నీళ్ళు పట్టుకుంటుంది.

కలిపాక ఒక పరీక్ష చేయండి. ఖాళీ కుండీలో మిశ్రమం నింపి మగ్గెడు నీళ్ళు ఒక్కసారి పోయండి. పైన నిలబడకుండా దిగిపోవాలి, పది పదిహేను అంకెలు లెక్కపెట్టేలోగా కింద రంధ్రంలోంచి ధార రావాలి. చుక్క చుక్కగా వస్తుంటే ఇంకో పాలు చిప్స్ కలపండి. పిడికెడు తడి మిశ్రమాన్ని నొక్కి వదిలినప్పుడు ముద్దకట్టకుండా విడిపోవాలి.

బీచ్ ఇసుక వాడవచ్చా?

వద్దు. ఉప్పు ఉంటుంది, పైగా సన్నగా ఉండి నీటిని బిగబడుతుంది. తీరంలో ఇసుక తవ్వడం చట్టప్రకారం కూడా తప్పే. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి. వేల ఏళ్ళుగా గాలి, సముద్రం కలిసి పోసిన దిబ్బలవి. ఒక్క తట్ట తీసినా మళ్ళీ పుట్టదు.

కుండీ ఏది మంచిది? డాబాకి బరువు ఎక్కువవుతుందా?

మట్టి కుండీ. పక్కల నుంచి కూడా ఆరుతుంది. ప్లాస్టిక్ వాడితే రంధ్రాలు రెట్టింపు చేయండి. మొక్క కన్నా రెండంగుళాలు మాత్రమే పెద్దది చాలు, అడీనియానికి లోతుకన్నా వెడల్పు ముఖ్యం. కింద పళ్ళెం పెట్టవద్దు. మూడు ఇటుక ముక్కల మీద కుండీని ఎత్తిపెడితే కిందనుంచి గాలి ఆడుతుంది, శ్లాబూ చెమ్మగిల్లదు.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకండి. తడిసిన మట్టి అడుగు లోతున పరిస్తే చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. మామూలు ఇళ్ళ డాబాకి లెక్కగట్టే బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. అందుకే డాబా మొత్తం మట్టిపోసి పైన రాళ్ళు పేర్చి తోట చేద్దామనుకునే వాళ్ళకి నేను వద్దనే చెబుతాను. కుండీల్ని దూలాల మీద, గోడల వెంబడి సర్దండి. పెద్దవి పెట్టాలంటే ముందు ఇంజినీరుని అడగండి.

ఎన్ని రోజులకొకసారి నీళ్ళు పోయాలి?

రోజుల లెక్క పెట్టుకుంటే తప్పుతుంది. చీపురు పుల్ల తీసుకోండి. కుండీ అంచు పక్కన అడుగుదాకా గుచ్చి, ఒక నిమిషం ఆగి తీయండి. పుల్లకి మట్టి అంటుకుని చల్లగా తగిలితే నీళ్ళు వద్దు. పొడిగా వస్తే పోయండి. మా ఇంట్లో ప్రతి వరసకీ ఒక పుల్ల గుచ్చే ఉంటుంది.

అందాజుగా చెప్పాలంటే, మార్చి నుంచి మృగశిర దాకా అడీనియానికి మూడు రోజులకోసారి, కాక్టస్‌కి వారం పది రోజులకోసారి. వానలు మొదలయ్యాక చాలావాటికి అసలు అక్కర్లేదు. డిసెంబరు, జనవరిలో కాక్టస్‌కి నెలకి ఒకటి రెండుసార్లు చాలు. పోసినప్పుడు కింద రంధ్రంలోంచి కారేదాకా నిండుగా పోయాలి. రోజూ కాసిని కాసిని చిలకరించడం వల్ల వేరు పైపైనే ఉండిపోతుంది. పోసేది పొద్దున్నే, మట్టి మీద, మొక్క నెత్తిన కాకుండా.

బోరు నీరు ఉప్పగా ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. నెలకోసారి మంచినీళ్ళతో రెండు మూడు రెట్లు పోసి ఉప్పుని కడిగేయండి. వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టి మూతపెట్టి ఉంచుకుంటే అంతకన్నా మంచిది లేదు.

వానాకాలంలో మొక్కల్ని ఎలా కాపాడాలి?

మృగశిర కార్తె వచ్చేలోగా మూడు పనులు. కాక్టస్‌లన్నీ సన్‌షేడ్ కిందికో, పైన పారదర్శకపు షీటు వేసిన స్టాండు కిందికో చేర్చండి. పక్కలు మూయవద్దు, గాలి ఆడాలి. అన్ని కుండీల రంధ్రాలు పుల్లతో పొడిచి చూడండి. మట్టి కుంగిపోయి గిన్నెలా అయిన కుండీల్లో చిప్స్ పోసి మధ్యలో మెరక చేయండి, మొక్క మొదట్లో నీళ్ళు నిలవకూడదు.

లోపలికి తేలేని పెద్ద కుండీలని ఒకవైపు ఇటుక పెట్టి ఏటవాలుగా ఉంచండి. మూడు రోజులు వరసగా పట్టిన ముసురుకి ఇంతకన్నా తేలిక మందు లేదు. ఎండ కాసిన రోజున మళ్ళీ నిటారుగా పెట్టవచ్చు.

మొక్కల్ని పూర్తిగా గదిలో పెట్టేయడం కూడా తప్పే. వెలుతురు లేక పాలిపోయి సన్నగా సాగుతాయి, ఆ సాగిన భాగం మళ్ళీ లావెక్కదు.

అడీనియం మొదలు మెత్తబడింది. బతుకుతుందా?

చెయ్యి పెట్టిన రోజుని బట్టి ఉంటుంది. నా మొదటి వానాకాలంలో, ఆగస్టు నెల, ఐదేళ్ళ అడీనియం ఒకటి ఆకులు పసుపు తిరిగి రాల్చింది. నీళ్ళు చాలలేదేమో అనుకుని ఇంకా పోశాను. నాలుగో రోజు మొదలు బొటనవేలితో నొక్కితే బాగా పండిన సపోటాలా లోపలికి పోయింది. తొక్క చిట్లి గోధుమరంగు నీరు, పులిసిన కుడితి వాసన. అది దక్కలేదు. నా చేతులతో నేనే పోసి చంపుకున్నాను. అప్పటినుంచి వానాకాలంలో ప్రతి ఆదివారం ప్రతి మొదలూ నొక్కి చూస్తాను.

ముందే కనిపెడితే ఇలా చేయండి. మొక్కని పీకి మట్టి దులిపేయండి. స్పిరిట్‌తో తుడిచిన చాకుతో మెత్తబడ్డ భాగం కోసేయండి. గోధుమరంగు మచ్చ ఒక్కటి కూడా లేకుండా తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కోయాలి. ఇక్కడ జాలిపడితే మొక్క మొత్తం పోతుంది. కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి అద్దండి, అందుబాటులో లేకపోతే పసుపు. నీడలో, గాలి తగిలే చోట తలకిందులుగా వేలాడదీసి పది రోజులు ఆరనివ్వండి. కోత చర్మంలా బిగిశాక పొడి మట్టిలో నాటి, వారం తర్వాత మొదటిసారి నీళ్ళు పోయండి. వేర్లు మొత్తం పోయిన మొక్క కూడా ఇలా లేచిన సందర్భాలు మా ఇంట్లో ఉన్నాయి.

ఆకులు బాగున్నాయి, పూలు లేవు. ఎందుకు?

ఎండ చాలకో, ఎరువు ఎక్కువయ్యో. అడీనియానికి, కాగితం పూలకి రోజుకి కనీసం ఆరుగంటలు నేరుగా పడే ఎండ కావాలి. పేడ ఎరువు దట్టిస్తే ఆకే వస్తుంది. శివరాత్రి వెళ్ళి చలి తగ్గాక కొమ్మల్ని సగానికి కత్తిరించండి, చిగురు వేసి ఏప్రిల్‌కి గుత్తులు కడుతుంది. కాగితం పూలకైతే పది పన్నెండు రోజులు నీళ్ళు ఆపి, ఆకు వాలుతుండగా పోయండి, విరగబూస్తుంది.

ఎరువు ఏది?

వేసవి మొదట్లో గుప్పెడు వర్మీకంపోస్టు, చెంచా వేపపిండి. వానాకాలంలో ఏదీ వద్దు.

మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఉప్పుగాలి తట్టుకునేవి ఏవి?

సాగర్‌నగర్, రుషికొండ వైపు ఇళ్ళలో నేను చూసినంతలో కాగితం పూలు, కిత్తనార, నాగజెముడు, ఈత, గన్నేరు నిలబడుతున్నాయి. అడీనియం కూడా సరే, ఆకు అంచులు మాత్రం మాడినట్టవుతాయి. ఈదురుగాలి వీచిన మర్నాడు పొద్దున్న ఆకుల్ని మంచినీళ్ళతో కడిగి ఎండకి ఆరనివ్వండి. కాక్టస్‌ని మాత్రం కడగకండి, గాలి నేరుగా తగలకుండా గోడవార పెట్టండి.

తుఫాను హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

పిట్టగోడ మీది కుండీలన్నీ ముందు దించేయండి. అవి పడితే కింద మనిషి ప్రాణం పోతుంది. పొడవాటి స్తంభపు కాక్టస్‌ని నేలమీద పడుకోబెట్టి పాత దుప్పటి కప్పండి, రెండు మూడు రోజులు పడుకోవడం వల్ల దానికేమీ కాదు. షీట్లు విప్పి లోపల పెట్టండి. హెచ్చరిక రాగానే నీళ్ళు ఆపితే మొక్కలు ఆ తడిని కాస్త బాగా ఓర్చుకుంటాయి. తుఫాను వెళ్ళిన మర్నాడే ఉప్పు కడగండి, విరిగిన కొమ్మని సాఫుగా కోసి ఆరనివ్వండి.

తెల్లటి దూదిలాంటి పురుగు పట్టింది. ఏమిటది?

పిండినల్లి. స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కొక్కటీ తుడిచేయండి. లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి, వారానికోసారి మూడు వారాలు. వేర్లలో కూడా ఉంటుంది, మొక్క కారణం లేకుండా డీలా పడితే పీకి చూడండి.

నాగజెముడు మీద తెల్లదూదిని నలిపితే వేలికి ఎర్రటి రంగు అంటుకుందా? అది కొచినీల్ పురుగు. దక్షిణాదిలో పొలాలని ముంచెత్తిన నాగజెముడుని అదుపుచేయడానికి 1926లో దాని జాతి ఒకటి సిలోన్ నుంచి తెప్పించి వదిలారు. పొలాలకి మేలు చేసింది గాని తోటలో మీ మొక్కని తినేస్తుంది, వెంటనే కడిగేయండి.

అడీనియం ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే కొమ్మ కింద వెతకండి. వేలంత లావు పచ్చటి గొంగళి ఉంటుంది, గన్నేరు మీద బతికే చిమ్మటది. చేత్తో తీసి దూరంగా వదిలేస్తే చాలు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ప్రమాదమా?

జాగ్రత్త కావాలి. అడీనియం, గన్నేరు, పచ్చగన్నేరు పాలూ గింజలూ గుండెకి విషం. నోట్లో పెట్టుకుంటే ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మొక్క ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళండి. కిత్తనార ఆకు కొనలు పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి, నెయిల్ కట్టర్‌తో కొన తుంచేయండి.

నాగజెముడుకి పెద్ద ముళ్ళకన్నా కంటికి కనిపించని నూగుముళ్ళు బాధ. పక్కింటి పిల్లవాడు బంతికోసం చెయ్యిపెట్టి అరచేతినిండా పొడిపించుకున్నాడు. తుడిస్తే ఇంకా లోపలికి పోతాయి. ఫెవికాల్ పలుచగా రాసి, ఆరాక పొరలా లాగితే చాలామటుకు వచ్చేశాయి. మిగిలినవి వెలుతురులో పట్టకారుతో తీశాం.

ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే అరిష్టమంటారు. నిజమా?

మా అమ్మ కూడా అనేది. దారిలో, గుమ్మం ముందు, పిల్లలు ఆడే చోట ముళ్ళ మొక్క పెట్టవద్దన్నంతవరకు ఆ మాటలో మంచి ఉంది, నేను పాటిస్తాను. కానీ నిమ్మ చెట్టుకి, గులాబీకి ముళ్ళు లేవా? వీధి గుమ్మానికి కలబంద కట్టే అలవాటూ మనదే. వేలాడుతూ నీళ్ళు లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండే మొక్కని ఇంటికి కాపలాగా పెట్టుకున్నారు మనవాళ్ళు. పెద్దవాళ్ళ మనసు కష్టపడుతుందంటే వాళ్ళ గదికి దూరంగా డాబా మీద పెట్టుకోండి.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు ఏం చూడాలి?

మన నర్సరీలకి చాలా మొక్కలు రాజమండ్రి దగ్గరి కడియం నుంచి వస్తాయి, కొన్ని చాలా దూరం నుంచి. మొదలు నొక్కి చూడండి, గట్టిగా ఉండాలి. కాక్టస్ నెత్తిన గడ్డిపువ్వులాంటి రంగుపువ్వు ఉంటే వేలితో కదపండి. వేడి జిగురుతో అతికించి అమ్మడం నేను చూశాను, నేనూ ఒకటి కొన్నాను. పీకితే కింద మచ్చ మిగిలింది. ఎర్రగా, పసుపుగా బంతిలా ఉండే చిన్న కాక్టస్ అంటుకట్టినది. దానిలో పత్రహరితం లేదు, కింద ఆకుపచ్చ కాండం పెట్టే తిండి మీద బతుకుతుంది, రెండు మూడేళ్ళకన్నా ఎక్కువ ఆశించకండి.

తెచ్చిన రోజే కుండీ మార్చకండి, వారం ఆగండి. తర్వాత వేరు చుట్టూ ఉన్న కోకోపీట్ ముద్ద, వల సంచీ తీసేసి మన మట్టిలో నాటండి. నర్సరీ నీడవలలో పెరిగిన మొక్కని నేరుగా మే ఎండలో పెడితే తోలు మాడి తెల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ పోదు. మొదట పొద్దుటెండ రెండు గంటలు, పదిహేను రోజుల్లో నెమ్మదిగా పెంచండి.

మా కిత్తనారకి మధ్యలోంచి పెద్ద గెల లేచింది. ఆకులు వాడిపోతున్నాయి. ఏదైనా రోగమా?

రోగం కాదు. కిత్తనార జీవితంలో ఒకేసారి పూస్తుంది. ఏళ్ళ తరబడి ఆకుల్లో దాచుకున్నదంతా ఆ గెలలోకి పంపిస్తుంది, తర్వాత తల్లిమొక్క ఎండిపోతుంది. నీళ్ళు పోసినా, ఎరువు వేసినా ఆగదు. గెల చాలా ఎత్తు పోతుంది కాబట్టి కరెంటు తీగలకి దగ్గరైతే ముందే కోయించండి, లేదంటే కర్రకట్టి ఉండనివ్వండి.

పూలు రాలాక గెల కొమ్మల మీద వేలెడంత పిలకలు పుడతాయి, చిన్న చిన్న ఆకులతో. గాలికి వాటంతటవే రాలతాయి. ఏరి, మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, చిప్స్ కలిపిన మట్టిలో కింద అంచు మాత్రం ఆనేలా నిలబెట్టండి. వారం తర్వాత కాసిని నీళ్ళు. పోయినేడు మా గెల నుంచి ఏరినవి రెండు బకెట్లు నిండాయి. డాబా మెట్ల దగ్గర ఇంకా నలభై దాకా కప్పుల్లో ఉన్నాయి, వచ్చినవాళ్ళు తలొకటి తీసుకెళ్తున్నారు.